ఆకాశం మీద ఎర్ర పెట్టె

అరబ్బు దేశంలోని రిగ్గైలో సాయిబాబు గది, శుక్రవారం మధ్యాహ్నం. అతని స్నేహితుడు, ఇంటి డ్రైవరు మునీంద్రను పోలీసులు తీసుకుపోయి తొమ్మిది రోజులైంది. మునీంద్ర భార్య వెంకటేశ్వరి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"కూర్చోమంటే కూర్చోవేంటమ్మా. టీ పెడతా ఉండు."

"టీ వద్దులేన్నా. నేను పనిచేసే ఇంటామె, మా మామా, రెండు గంటల సేపే ఇడిచింది. అంతలోపల నువ్వు నాతో స్టేషనుకు రావల్ల."

"నేనొచ్చి చేసేదేముంది చెప్పు? నాకు అరబీ అంతంత మాత్రం. ఎంబసీలో తెలిసినాయనకి ఫోను చేసేను. చూస్తానన్నాడు."

"వాళ్ళు చూస్తానే ఉంటారు. నువ్వు రావల్ల. ఫోటోల్లో ఉండే ఆ ఎర్ర పెట్టె గీసింది నేనే, మునీంద్రకు ఏమీ తెల్దు అని ఆ మాట ఒక్కటి చెప్పల్ల."

"అంత తేలిగ్గా ఉందా అది?"

"తేలికో బరువో నాకు తెల్దు. ముందు అదేందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు. నీ మొగుడు మిద్దె మీద ఏం చేస్తాన్యాడు అని అడిగినారు. చుక్కలు చూస్తాన్యాడు అన్యా. పట్టపగలు చుక్కలేంది అని నవ్వినారు."

"కంప్యూటర్లో ఆకాశం మ్యాపు ఒకటి ఉందమ్మా. ఎవరికైనా ఊరికే ఇస్తారు. దేశదేశాల వాళ్ళు తలో చెయ్యీ వేసి రాస్తారు. దాన్లో నేనూ చిన్న ముక్క రాసేను. టెలిస్కోపుకి కెమెరా తగిలిస్తే ఆకాశంలో ఎంత మేర ఫోటోలో పడద్దో, ముందే ఎర్ర గీతల్తో పెట్టె గీసి చూపిస్తది. అంతకంటే ఏం లేదు."

"నువ్వు గీసుకునేదానికి మా ఆయనెందుకు?"

"నా దగ్గర టెలిస్కోపేదీ? షాపులో ల్యాప్‌టాపులు బాగుచేసుకునేవోణ్ణి. వాళ్ళ బాబా, అదే ఆ ఇంటి యజమాని, తను వాడేసిన పాతది మునీంద్రకిచ్చేడు. ఆయన ఎడారికెళ్ళి చుక్కలు చూసేటప్పుడు స్టాండు బిగించేది, దుప్పటి కప్పేది అంతా మునీంద్రే గదా. నేను గీసిన పెట్టె అసలు ఫోటోకి సరిపోయిందో లేదో చూసి చెప్పేది వాడే."

"ఏడో తరగతి చదివినాయన."

"చదువుదేముందమ్మా. నేను నాలుగు నెల్లు తిప్పలుపడ్డ తప్పుని ఒక్క చూపులో పట్టేడు. పెట్టె వంకరగా ఉందన్నా, కెమెరా తిప్పి బిగిస్తే నీ పెట్టె తిరగడంలా అన్నాడు. నిజమే. ఎంత ఆశ్చర్యపోయేనో."

"బాగా పొగుడుతాండావు. లోపలుండేది ఆయన."

"వాడి మీద నాకు మాత్రం ప్రేమ లేదంటావా?"

"పగలు ఏంటికి ఎక్కినారు మిద్దె?"

"రెండు వారాలుగా దుమ్ము గదా. ఒక్క చుక్క కనపడలా. నా ముక్క సరిచేసి కొత్తది ఆ మ్యాపు వాళ్ళకి ఆదివారానికి పంపేస్తానని మాటిచ్చేను. పెట్టెలో కుడి ఎడమయిపోతంది. అది తేలాలంటే చుక్కే అక్కర్లేదు, దూరంగా ఉన్నది ఏదైనా చాలు. పగలు దూరపుది ఏదో ఒకటి చూసి సరిచేసుకోవడం ఈ పనిలో అందరూ చేసేదే. మా అమలాపురంలో అయితే కొబ్బరిచెట్టు చూసేవోళ్ళం. ఇక్కడ ఏం చూస్తాం?"

"సర్కారోళ్ళ గోడ లోపలుండే ఆ స్తంభం చూడమన్యది ఎవురు?"

"కనపడిందేదో చూసేం."

"ఎవురు చూడమన్యారు?"

"ఎత్తుగా ఉందమ్మా. పైన మూడు పళ్ళాల్లాంటివి ఒక్క పక్కకే ఉన్నాయి. కుడెడమలు తెలియాలంటే అట్టాంటిదే కావాలి. ఆ గోడ ఎవరిదో, లోపల ఏముందో నాకెలా తెలుస్తది? బోర్డు అటేపు ఉంది."

"అంటే నువ్వే."

"నేనే. సరే, నేనే అన్నాను."

"ఫోటో తీస్తే పట్టకపోయే ఈ కాలంలో సముద్రం ఒడ్డున ఫోను పైకెత్తాలంటే మా మామా బిడ్డలే జంకుతాండారు. మీకిద్దరికీ బుర్ర యాడికి పోయింది?"

"పెట్టె మీదే ఉందమ్మా ధ్యాస. మిగతాదేం కనపడలా."

"ఆయన ఫోన్లో నువ్వు పంపిచ్చిన ఫోటోలు పదకొండంట. ప్రతిదాంట్లో ఎర్ర పెట్టె, దాని నడిమధ్య ఆ స్తంభం. ఇదేంది, గురిపెట్టినట్టుండాదే అని అడిగినారంట. దానికి ఆయనేం చెప్తాడు?"

"ఏం చెప్పేడు?"

"ఆకాశం కొలిచే పెట్టె అన్యాడంట. మరి ఆకాశం యాడుంది దీంట్లో అన్యారంట."

"దేవుడా."

"వాళ్ళొచ్చినప్పుడు నువ్వు యాడుండావు?"

"కిందకెళ్ళేను. ల్యాప్‌టాపుకి ఛార్జరు తేవడానికి."

"హారిస్ వేరే మాదిరి చెప్పినాడు."

"వాచ్‌మనుకేం తెలుసు?"

"మూడో అంతస్తు మెట్ల కాడ వాళ్ళు ఎదురైతే నువ్వు గోడకు ఒదిగి దోవ ఇచ్చినావంట. పైకి పోయేది చూసినావంట. ల్యాప్‌టాపు సంకలో పెట్టుకోని బయటికి నడిచినావంట."

"భయమేసిందమ్మా."

"ఒక్క కేక వేసుంటే ఆయన కెమెరా అన్నా పీకుండు గదా."

"కేకేస్తే నన్నూ పట్టుకుపోయేవోళ్ళు. నా ఇఖామా పర్మిటు ఒక కఫీల్, ఒక యజమాని పేరు మీద ఉంది, పని ఇంకో చోట చేస్తున్నా. స్టేషన్లో కాలుపెడితే నా పనీ ఖలాస్. ఊళ్ళో మా ఆవిడ మణికి ఏడో నెల."

"నాకు ఇద్దరు బిడ్డలు. రాయచోటిలో మా అత్త కాడ ఉండారు. నాయన ఫోను చెయ్యలేదేమ్మా అని అడుగుతాండారు. ఫోను పగిలిందని చెప్పినా."

"మునీంద్ర నా పేరు చెప్పేడా?"

"చెప్పుంటే నువ్వీడ కూసోనుంటావా?"

"నిజంగా చెప్పలేదా?"

"ఎవురు చేపిచ్చినారు చెప్పు, ఇడిచిపెడతాం అంటాండారంట. నేనే చేసినా అంటాండాడు. అయితే మళ్ళా ఒక తూరి చేసి చూపియ్యి అని కంప్యూటరు ముందర పెట్టినారంట. ఆయనకు ఆ మీటలు ఒత్తేది గూడా రాదు. దాంతో ఇంకా అనుమానం ఎక్కువయింది. వెనకాల ఎవురో పెద్దోళ్ళు ఉండారు, ఈయప్ప దాస్తాండాడు అని."

"వాడెందుకు నాకోసం ఇంత..."

"నేనూ అదే అడిగినా. సాయిబాబన్న నన్ను డ్రైవర్ మాదిరి చూడలేదు, పక్కన కూసోబెట్టుకోని అడిగినాడు, నా మాట విని మార్చినాడు అంటాడు. పిచ్చోడు."

"నన్ను తిట్టు వెంకటేశ్వరీ. తిట్టేస్తే బాగుంటది."

"తిట్టేదానికి రాలేదు. ఇను. ఆయన బాబా మంచోడు. వకీలుతో మాట్లాడినాడు. ఇట్లా ఊరికే ఇచ్చే వాటిల్లో ఎవురు రాసినారో పేరు దాంట్లోనే ఉంటాదంట గదా. లోకమంతా చూడొచ్చంట. నీకు రావాలంటే భయమైతే రావొద్దు. నీ పేరుండే ఆ కాగితం ఒకటి తీసియ్యి. వకీలుకు ఇస్తా. నువ్వు ఇంటికి పో. టికెట్ తీసుకోని ముందే పో. నేను ఏమీ అనుకోను."

"ఆ పేజీనా?"

"ఆ. దాంట్లో ఏమని ఉంటాది?"

"రాసింది సాయిబాబు, పరీక్ష చేసింది మునీంద్ర అని ఉండేది."

"అదే. అది తియ్యి."

"ఉండేది అన్నానమ్మా."

"అంటే?"

"ఆ రోజే... వాడిని తీసుకెళ్ళిన రోజు సాయంత్రం, షాపు వెనకాల కూర్చుని... ఎవరో ఒకరు వెతుకుతారు, నా పేరు చూస్తారు, అదొక్కటే ఉంది బుర్రలో. నా పేరు తీసేసేను."

"తీసేస్తే?"

"రాసినవాడి పేరు ఖాళీగా ఉంటే అది తీసుకోదు. ఏదో ఒక పేరు ఉండాలి."

"ఎవురి పేరు పెట్టినావు?"

"దాన్ని వెనక్కి తిప్పొచ్చు. పాత రాతలన్నీ ఎక్కడికీ పోవు, ఏ రోజు ఏది మార్చేమో అంతా దాన్లోనే దాగుంటది. నేనొచ్చి చూపిస్తే..."

"ఎవురి పేరన్నా?"

"మునీంద్రది."

"ఒక్క ఆయనదేనా?"

"ఒక్కడిదే. చెప్పులు ఎక్కడున్నాయి... పదమ్మా. వస్తున్నా. స్టేషనుకే పోదాం. ఇఖామా పోతే పోనీ. ఆ పాత రాతలు తెరిచి వాళ్ళ ముందే చూపిస్తా. ఏ తారీకున ఎవరు రాసేరో అన్నీ ఉంటాయి. వాడింకా దేనిమీదా సంతకం పెట్టలేదుగా, ఇంకా ఏం మించిపోలేదు. ఏడుస్తావేంటి? వస్తున్నానంటున్నాగా."

"పొద్దున ఆయన్ని చూసేదానికి పోయినాన్నా నేను. ఆయనకు ఒక ఇంగ్లీషు కాగితం చూపిచ్చినారంట. అది పోలీసులే రాసుకున్యారని నేను అనుకున్యా."

"ఏం కాగితం?"

"ఇంగ్లీషులో ఆయన చదవగలిగేది లైసెన్సు మీదుండే ఆయన పేరు ఒక్కటే. అది కనపడిందంట దాంట్లో."

"సంతకం పెట్టేడా?"

"పెట్టినాడు. ఆ మాట ముందే చెప్తే నువ్వు అసలు కదలవని దాచిపెట్టినా."

"వెంకటేశ్వరీ, ఎందుకు పెట్టేడు? ఎవరైనా కొట్టేరా?"

"ఎవురూ కొట్టలేదు. నవ్వుతా పెట్టినాడంట. నాకాడ గూడా నవ్వినాడు, తొమ్మిది రోజులకు ఈ పొద్దే. సాయిబాబన్న తన పేరు గూడా లేకుండా, లోకమంతా చూసే దాంట్లో నా పేరొక్కటే పెట్టినాడు, అంత గొప్ప మనసు ఎవురికుంటాది, పోయి నా తరపున దండం పెట్టి రా అని పంపిచ్చినాడు."