వెంకటరాయప్ప గారి బల్లమీది తెగిన తీగచుట్ట

సోమేనహళ్ళి రైతు కుటుంబంలో పుట్టిన శ్రీ వెంకటరాయప్ప గారు 1991 జులై ఒకటిన మన పారిశ్రామిక శిక్షణాలయపు బాగేపల్లి శాఖలో విద్యుత్ విభాగ బోధకులుగా చేరారు. అప్పటికి అక్కడున్నవి రెండు పాత మోటార్లు, వాటిలో తిరిగే తీగచుట్టల భాగాలైన ఆర్మేచర్లను పరీక్షించే ఒక గ్రోలరు. ఆ గ్రోలరుతోనే ఆయన ట్రాన్స్‌ఫార్మరు పాఠం కూడా చెప్పేవారు. కింద గ్రోలరు చుట్ట, పైన ఆర్మేచరు చుట్ట. రెండింటి మధ్య తీగ లేకపోయినా కిందిది పైదానిలో విద్యుత్తును పుట్టిస్తుందనీ, పైచుట్టలో తీగలు ఒకదానికొకటి కలిసిపోయి ఉంటే, ఆ చుట్ట ఉన్న గాడిమీద పట్టిన రంపపు బ్లేడు గజగజలాడుతుందనీ విద్యార్థుల చేతికే ఇచ్చి చూపించేవారు. పుస్తకంలో తెలియనిది ఆ వణుకులో తెలిసిందని కృతజ్ఞతతో చెప్పుకొనే శిష్యులు నేడు ఈ ప్రాంతమంతా ఉన్నారు.

1995లో వారికి శిడ్లఘట్టకు బదిలీ అయింది. ఆ ఏడే పట్టునూలు తీసే అక్కయమ్మ గారి చరకా మోటరును నడిపే జనరేటరు కరెంటివ్వడం మానేసింది. సకాలంలో నూలు తీయకపోతే పురుగు గూటిని చీల్చుకొని బయటికొస్తుంది. ఆ గూడు ఇక నూలుకు పనికిరాదు. ఆమె ఇంటి బతుకంతా ఆ గూళ్ళ గంపల్లోనే ఉంది. వెంకటరాయప్ప గారు ఆర్మేచరును గ్రోలరుమీద పెట్టారు. బ్లేడు వణికింది. చుట్ట కాలిందని నిర్ణయించి, విద్యార్థుల ఎదుటే తీగలు తెంపారు. తెంపిన చుట్టలో కాలిన మచ్చ ఒక్కటీ లేదు. అప్పుడు చూస్తే, ఆర్మేచరు చివరి రాగి పలకల సందుల్లో బొగ్గుపొడి గట్టిగా పట్టి ఉంది. బ్లేడు వణికింది దానివల్లే. ఆ పొడిని గీరి తుడిచి ఉంటే పావుగంట పని. ఇప్పుడు కొత్తగా చుట్టి, వార్నిషు ఆరేదాకా మూడు రోజులు.

కాలిపోయిందని చెబితే అడిగేవారెవరూ లేరు. ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి జరిగింది చెప్పారు.

“నీ తప్పని నువ్వు చెప్పకుంటే నాకు యాడ తెలుస్తాదప్పా?” అన్నారు అక్కయమ్మ.

“మీకు తెలీదనే చెప్పేకి వచ్చినానమ్మా.”

ఆమె ఆయన ఇస్త్రీ చొక్కా వైపు చూసి, “అట్లయితే ఆ చేతులు మడుచుకో. మోటరు తిరిగేవరకు చరకా నువ్వే తిప్పు” అన్నారు.

మూడు రోజులు సెలవు పెట్టి, రాత్రి తీగ చుడుతూ, పగలు చరకా తిప్పారు. మేష్ట్రు కంటే మోటరే నయమనీ, అది టీ అడగదనీ అక్కయమ్మ దెప్పుతూనే ఉన్నారట. ఒక్క గంప కూడా చెడలేదు.

ఆనాటి నుండి వారి విభాగంలో ఒక కట్టుబాటు ఏర్పడింది. ముందు తుడవాలి, తర్వాత ఒకరు బ్లేడు పట్టి చూశాక, ఆ ఫలితం తెలియని రెండోవారు కూడా పట్టి చూడాలి, ఇద్దరి మాటా కలిస్తేనే తీగ తెంపాలి. తెంపిన ఆ చుట్ట మాత్రం ఆయన బల్లమీదే ఉండిపోయింది. 2009లో విభాగాధిపతిగా చింతామణికి వచ్చినప్పుడూ వెంట తెచ్చుకొని, ప్రతి కొత్త బ్యాచికీ మొదటి పాఠంగా దాన్నే చూపించారు.

గత మే 31న వారు పదవీ విరమణ చేయగా, బాధ్యతలు స్వీకరించిన వారి శిష్యురాలు మంజుశ్రీ గారు ఆ చుట్టను ఆయన సామాన్లతో పాటు సంచిలో సర్దారు. ఆయన దాన్ని తీసి మళ్ళీ బల్లమీదే పెట్టారు.

“ఇది నేను ఎత్తుకొనిపోతే, వచ్చే పిల్లోళ్ళకి ఏం చూపిస్తావమ్మా?”

అది ఇక్కడే ఉంది. బ్లేడు వణికినా చేయి వణకని ఆరోగ్యంతో, సతీమణి భానమ్మ గారి సాహచర్యంలో వారు చిరకాలం సుఖంగా జీవించాలనీ, ఏటేటా కొత్త బ్యాచి ముందు నిలిచి ఆ చుట్ట కథను స్వయంగా చెప్పాలనీ మనసారా కోరుకుంటున్నాం.