పరాయి పటాలంలో దొర

ఏ దుకాణం? ఆ మలుపులో రేకు తలుపు వేసి ఉంటుందే, అదా? అది ఇస్త్రీ దుకాణం రా అబ్బాయ్. ఇటు జరిగి కూర్చో, ఆ చెవి పనిచేయదు నాకు. ఆ ఇస్త్రీ ముసలాయనకి ఒక్కడే కొడుకు, నా ఈడువాడే. మేమంతా వాణ్ణి 'దొర' అనేవాళ్ళం. ఎందుకంటావా? వాడికి సొంత చొక్కా ఒక్కటీ సరైంది లేదు గానీ, రోజుకో కొత్త చొక్కా తొడిగేవాడు. అర్థం కాలేదూ? జనం ఇస్త్రీకి ఇచ్చినవి! సాయంత్రం వేసుకుని ఊళ్ళో ఓ చుట్టు తిరిగొచ్చి, మళ్ళీ ఇస్త్రీ పెట్టె రుద్ది, మడతపెట్టి ఇచ్చేసేవాడు. నేను కాలేజీలో ఉన్న రోజుల్లో నా చొక్కాలు నాకంటే వాడికే బాగుండేవి, ఏం చేస్తాం!

ఆ సరదా ఎన్నాళ్ళు సాగుతుంది? ఓసారి సినిమా హాలు ముందు బ్యాంకు మేనేజరు ఎదురుపడ్డాడు. తన చొక్కా తనకి తెలియదా మరి. "విప్పరా" అన్నాడు. నడిరోడ్డు మీద! జనం టికెట్ల లైను వదిలేసి చూస్తున్నారు. వాడు ఒక్కో గుండీ తీసి, విప్పి, అలవాటుకొద్దీ మడతపెట్టి మరీ చేతికిచ్చాడు. చిల్లుల బనీనుతో ఇంటిదాకా నడిచాడు. అక్కడితో అయిందా? మర్నాడు వాళ్ళ నాన్న మేనేజరు ఇంటికి లాక్కెళ్ళి కాళ్ళు పట్టించాడు. అప్పుడు విరిగింది వాడి మనసు.

ఆ రోజుల్లో ఓడల్లో తిరిగే ఒకడు చెప్పాడు, ఫలానా దేశంలో పరాయివాళ్ళని కూడా సైన్యంలో చేర్చుకుంటారని. నీ పాత పేరు వద్దు, పాత బతుకు వద్దు, కొత్త పేరు వాళ్ళే పెట్టి చొక్కా మీద కుట్టిస్తారట. మనవాడికి మిగతాదేదీ చెవికెక్కలేదు. "ఆ చొక్కా ఇక మనదేగా? తిరిగి ఇచ్చెయ్యక్కర్లేదుగా?" అని నా ప్రాణం తీశాడు. "తుపాకీ కూడా ఇస్తార్రా బాబూ, దాని సంగతి అడుగు" అన్నాను. నవ్వాడు. పోయాడు.

ఇక చూడాలి ముసలాయన దర్జా! "మావాడు యుద్ధంలో ఉన్నాడండీ." ఏ యుద్ధమయ్యా అంటే, "ఏదో ఒకటి ఉంటుంది కదండీ, అంత పెద్ద దేశం." అంతవరకూ 'ఏయ్ ఇస్త్రీ' అని కేకేసినవాళ్ళే నోరారా 'గారూ' అనడం మొదలెట్టారు. ఆ మేనేజరు కూడా! మనుషులు రా, మనుషులు.

కొన్నేళ్ళకి దొర సెలవు మీద వచ్చాడు. యూనిఫాంలో మెరిసిపోతున్నాడు. మా నాన్న కోటు కోసం వెళ్ళి నేనూ దుకాణంలోనే ఉన్నాను. ముసలాయన కొడుకుని కావలించుకోబోయి ఆగిపోయాడు. చొక్కా చెయ్యి పట్టుకుని మడత మీద వేలు జరిపాడు. భుజం నుంచి కిందికి కత్తిలాంటి గీత, చివర కాస్త లోపలికి తిప్పి. అది వాళ్ళింటి పనితనం.

"ఎవరు చేశారిది?"

"నేనే నాన్నా."

"నీది నువ్వే చేసుకున్నావా, అందరివీ నువ్వే చేస్తున్నావా?"

వాడు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. ఆయన ఆ చెయ్యి పైకి లాగాడు. మణికట్టు మీద కాలిన మచ్చలు, ఇంకా పచ్చివే. అప్పుడు బయటపెట్టాడు. చేరిన కొత్తలో వీడి చొక్కా చూసి కెప్టెను అడిగాడట, ఇంత బాగా ఎవరు చేశారని. వీడు ఛాతీ విరుచుకుని నేనే అన్నాడు. వెధవ! తెలీదంటే పోయేది కదా? అనలేడు. పనిమంతుడి రోగం అది. అంతే, తుపాకీ పక్కన పెట్టించి వెనక గదిలో ఇస్త్రీ పెట్టె చేతికిచ్చారు.

"ఇంకో రెండేళ్ళు ఓపిక పడితే గడువు పూర్తయి ఆ దేశం పౌరుణ్ణయిపోతాను నాన్నా. నిన్నూ తీసుకెళ్ళిపోతాను" అన్నాడు వాడు. ముసలాయన ఏమన్నాడో తెలుసా? "ఇస్త్రీ చెయ్యడానికి సముద్రాలు దాటాలట్రా? సిపాయివని ఊరంతా చెప్పుకుని చచ్చాను. మగాడివైతే తుపాకీ పట్టుకుని రా. లేదా ఈ గుమ్మం తొక్కకు." వాడు గ్లాసులో టీ సగం అలాగే వదిలేసి లేచాడు.

మరుసటి ఏడు వాడి పటాలంవాడే ఒకడు వచ్చాడు, కర్ర ఊతంతో. వాడి భాష ఎవరికీ రాదు. చదువుకున్నవాణ్ణని నన్ను పిలిచారు. వాడు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్తున్నాడు, నేను ముసలాయనకి చెప్తున్నాను. మీవాడు యుద్ధంలో ముందు వరసకి పంపమని అడిగాడు. కెప్టెను వద్దన్నాడు. ఇక్కడే కూర్చో, నీ గడువు అయిపోతుంది, హాయిగా బతుకు అన్నాడు. మీవాడు మళ్ళీ వెళ్ళి అడిగాడు. కెప్టెను మళ్ళీ వద్దన్నాడు. మా నాన్నకి మొహం చూపించాలి సార్ అన్నాడు. అప్పుడు పంపాడు. వెళ్ళిన వారానికే... ఆఁ. అక్కడే పూడ్చారు, వాళ్ళు పెట్టిన పేరుతోనే. ముసలాయన ఆ పేరు పలకబోయాడు. నోరు తిరగలేదు.

నా వైపు తిరిగి, "ఆ కెప్టెనుకి పిల్లలున్నారేమో అడుగు" అన్నాడు. అడిగాను. లేరట.

"పిల్లల్లేనివాడు" అన్నాడు. "రెండుసార్లు వద్దన్నాడా?"

ఊఁ అన్నాను.

ఆ కిటికీ వెయ్యి, దుమ్మొస్తోంది.