ఆరు నిమిషాల నలభై రెండు సెకన్లు

సభాధ్యక్షులైన గాయకుడు గారికి, ఆయన పక్కన ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్న మన డ్రమ్ములాయనకి, పెద్దలకి, ముప్పై ఒక్క ఏళ్లుగా ముందు వరస కోసం నన్ను మోచేతులతో పొడుస్తున్న మిత్రులకి నమస్కారం.

ఈ రెండు కాగితాలూ రాయకుండా ఎగ్గొడదామనే చూశాను. మన బ్యాండు అభిమాన సంఘం కార్యదర్శి, అదే బట్టలు కుట్టే అమ్మాయి, నా కొట్టుకి వచ్చి "బాబాయ్, డ్రమ్ములాయన వీడ్కోలు సభకి నాలుగు మంచి మాటలు రాసుకురా, నోటికొచ్చింది మాట్లాడకు" అంది. మంచి మాటల కోసం కూర్చుంటే అనుమానాలొచ్చాయి. అవే తెచ్చాను. (నవ్వులు)

నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. బడి చదువు అయిదో తరగతితో సరి, మిగతాదంతా చెడిపోయిన గడియారాలే చెప్పాయి. ఈ బ్యాండు మొదటి కచేరీకి కూడా నేను పాట వినడానికి రాలేదు. ఇదే హాల్లో, అదిగో ఆ గోడ గడియారం ఆగిపోయిందంటే నిచ్చెనెక్కాను, దిగేలోపు వీళ్లు వాన పాట మొదలెట్టారు, అంతే, పాట అయ్యేదాకా నిచ్చెన మీదే ఉండిపోయాను. గడియారం సంగతి మర్నాడు చూశాను.

అప్పట్నుంచి ఏ కచేరీకి వెళ్లినా ఆ పాట ఎంతసేపు సాగిందో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఎందుకని మాత్రం అడక్కండి. మా ఆవిడ అడిగి అడిగి విసిగిపోయింది. ఒకసారి ఏడు నిమిషాలు, ఒకసారి తొమ్మిది, గాయకుడు గారికి నవ్వు ఆగని రోజు పదకొండు. మర్నాడు బస్టాండులో మన తగువులన్నీ దాని మీదే కదా. "నిన్న బాగా లాగారు" అని ఒకరంటే, "లాగలేదు, నీకే ఆకలేసింది" అని ఇంకొకరు.

గత ఆరేళ్లుగా ఆ తగువు లేదు. గమనించారా? నా పుస్తకంలో ఆరేళ్లూ ఒకే అంకె: ఆరు నిమిషాల నలభై రెండు సెకన్లు. మైదానంలోనూ అంతే, హాల్లోనూ అంతే. మొదట నా వాచీనే అనుమానించి రెండుసార్లు విప్పి కడిగాను. దాని తప్పేం లేదు. నా చేత్తో బాగుచేసిన గడియారమే రోజుకి అరనిమిషం అటూ ఇటూ పోతుంది, నలుగురు మనుషులు కలిసి వాయించే పాట ఒక్క సెకను కూడా జరగదా?

తర్వాత డ్రమ్ములాయన్ని అనుమానించాను. ఉత్తినే చేతులాడిస్తున్నాడేమోనని మనవడి దుర్బిణీ తెచ్చి స్తంభం పక్కన నక్కి చూశాను. నిజంగానే వాయిస్తున్నాడు. కాకపోతే ఎడమ చెవిలో ఒక నల్ల ముక్క. చెవుడు కాబోలు పాపం అనుకున్నాను. (నవ్వులు)

పోయిన వారం ఆయనే నా కొట్టుకి వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి అడిగాను. "తమ్ముడూ, ఆ వాయించేది నువ్వేనా?"

"వాయించేది నేనే అన్నా. నడిపేది నేను కాదు. చెవిలో మిషను టిక్కుటిక్కుమంటుంది. దాని వెనకే పోవాలి."

"ఎవరి కోసం?"

గోడల వంక చూసి, "నీ కొట్లో గడియారాలు తలో టైమూ చూపిస్తున్నాయి, ఎంత హాయిగా ఉందో" అన్నాడు.

గాయకుడు గారూ, ఆరేళ్ల కిందట ఒక కచేరీలో మీరు రెండో చరణం అందుకోలేక నిలబడిపోయారు. మేం చప్పట్లు కొట్టి కప్పేశాం. కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తర్వాతి కచేరీ నుంచే ఆయన చెవిలో మిషను, నా పుస్తకంలో ఈ అంకె. (గాయకుడు గారు మంచినీళ్లు తాగారు.) తాగండి, నాకేం తొందర లేదు.

ఆహ్వాన పత్రికలో డ్రమ్ములాయన ఆరోగ్యం బాగాలేక విశ్రాంతి కోరుతున్నాడని వేశారు. పొద్దున ఆ డ్రమ్ముల పెట్టెల్ని ఎక్కడా ఆగకుండా రెండంతస్తులు మోసుకొచ్చిన మనిషిని నేను కళ్లారా చూశాను. వచ్చే నెల కచేరీ పోస్టరు బయట గోడకి అప్పుడే అంటించారు. అందులో ఈయన లేడు, ఈయన చోట ఇంకొకరూ లేరు. అంటే ఇక మిషనొక్కటే చాలన్నమాట. ఈయన్ని మేం సాగనంపుతున్నామా, మీరు పంపేస్తున్నారా?

తప్పుగా అంటే క్షమించండి. మిమ్మల్ని అల్లరి పెట్టాలని కాదు. మీరు తడబడితే ఎత్తిపట్టే మనిషి పక్కనే ఉన్నాడు, ఆయన్ని వదిలి మిషన్ను నమ్ముకున్నారని నా కడుపుమంట. ఇప్పుడు చివర్లో వాన పాట ఉంది. ఆయన చెవిలో ఆ ముక్క నాకు ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. ఈ ఒక్కసారి అది తీయించండి.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ముందు వరసలో నా కుర్చీ ఎవరూ లాక్కోకముందే దిగుతాను, సెలవిప్పించండి.

(గాయకుడు గారు డ్రమ్ములాయన వైపు తిరిగి తన చెవి ముట్టుకుని చూపించారు. డ్రమ్ములాయన నల్ల ముక్క తీసి నీళ్ల గ్లాసు పక్కన పెట్టాడు. పాట మొదలైంది. రెండో చరణం దగ్గర గాయకుడు గారు అందుకోలేదు. డ్రమ్ములాయన ఇంకో రెండు చుట్లు వాయించాడు. మూడో చుట్టుకి అందుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాట ఎనిమిది నిమిషాల పదకొండు సెకన్లు సాగింది.)