ఎనిమిది ట్రిప్పుల టికెట్టు

సభాధ్యక్షులు మురుగేష్ గారికి, వేదిక మీది పెద్దలకు, మగ్గాలు ఆపి వచ్చిన అక్కలకు, అన్నలకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన నేత సంఘం మేనేజరు దామోదరం సార్ గారికి నమస్కారం. నేను భువనేశ్వరి, ఎగుమతుల గుమాస్తాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని. తడబడితే మన్నించండి.

సార్ గురించి మంచి మాటలు రెండు పేజీలు రాసుకొచ్చాను. ఇక్కడ నిలబడ్డాక, వాటిలో ముఖ్యమైనది రాయలేదని అర్థమవుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియడం లేదు.

జర్మనీలో బట్టల దుకాణం నడిపే ఒకామె మన నూలు కండువాలు కొన్నది మీకు తెలుసు. డబ్బు ఎలా పంపమంటారని ఆమె నన్ను అడిగింది. మనకు కూలి శనివారం శనివారం వస్తుంది కదా, నేనూ వారం వారం కొంత పంపమన్నాను. నేను ఎరిగిన పద్ధతి అదొక్కటే. ఎనిమిది వారాలు పంపింది. ప్రతిసారీ రెండు వేల దాకా తగ్గి వచ్చింది. తిరుపతి పోయి బ్యాంకులో అడిగితే, మేం పట్టుకున్నది కొంచెమే, మిగతాది మధ్యలో ఇంకో బ్యాంకు పట్టుకుందన్నారు. అది ఏ ఊళ్ళో ఉందండీ అంటే, ఆ ఆఫీసరు నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. (నవ్వులు)

ముందు వరుసలో నవ్వుతున్న చంద్రకాంతమ్మక్క ఆ రోజు సార్‌ను నిలదీసింది. "నగరి నుంచి తిరపతికి బస్సులో ఒకసారే గదా సామీ టికెట్టు కొడతారు. ఈ దుడ్డుకేంది, ఊరూరా కొడతా ఉండారు?"

సార్ అన్నారు, "టికెట్టు మూటకు గాదమ్మా, ట్రిప్పుకు. ఒక మూటను ఎనిమిది ట్రిప్పులు తిప్పినాం."

తిప్పినాం అన్నారు. తిప్పింది నేను. ఒక్కసారే తెప్పించి ఉంటే రెండు వేలతో పోయేది. పద్నాలుగు వేలు అదనంగా పోయాయి. అది మేనేజరు అశ్రద్ధ అని కమిటీ తీర్మానం రాసి, ఆయనకు రావలసిన డబ్బులో పట్టుకుంది. నేను చెప్పేస్తానంటే సార్ వద్దన్నారు. "నేను పొయ్యేవాణ్ణి. నీకింకా ముప్పై ఏండ్ల పని ఉండాది. గమ్మునుండు" అన్నారు.

గమ్మున ఉన్నాను. పెద్దాయన మాట విన్నానో, ఉద్యోగం పోతుందని భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. మొన్న ఆ జర్మనీ ఆమెకు ఉన్నదున్నట్టు రాశాను. తన దగ్గరా ప్రతిసారీ రుసుము పట్టుకున్నారట. వారం వారం పంపడం మీ ఆచారమేమోనని అడగలేదు అని రాసింది. ఇకపై సరుకంతటికీ ఒకేసారి పంపుతుంది, దారి ఖర్చులన్నీ తనే పెట్టుకుంటుంది.

అది సర్దుకుంది. తీర్మానం సర్దుకోలేదు. ముప్పై మూడేళ్ళు ఒక్క పోగు లెక్క తప్పని మనిషి, అశ్రద్ధ అనే మాటతో ఇంటికి పోకూడదు.

అధ్యక్షులు గారూ, శాలువా కప్పే ముందు ఆ తీర్మానాల పుస్తకం తెప్పించండి. సార్ పేరు కొట్టి నా పేరు రాయండి. ఆ పద్నాలుగు వేలు నా జీతంలో పట్టుకోండి. సార్, మీరు తల అడ్డంగా ఊపుతున్నారు. ఈ ఒక్కసారికి మీ మాట వినను.

ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. పుస్తకం వచ్చేదాకా ఇక్కడే నిలబడి ఉంటాను. సెలవు ఆ తర్వాత తీసుకుంటాను.