జన్నారం జీపు

బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చిన సంపత్ తిన్న చెయ్యి ఆరకముందే ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పండుగ సెలవుల్లో పెళ్లాం పిల్లలను అడవికి తీసుకుపోవాలి, దానికి జీపు మాట్లాడాలి. మమతకేమో ఒళ్లు మండిపోతోంది. గోదావరిఖని క్వార్టర్లకు గోడలు పేరుకే ఉంటాయి కాబట్టి ఆ సాయంత్రం వాళ్ల గొడవ పక్కింటి సమ్మవ్వకు ఒక్క ముక్క కూడా పొల్లుపోలేదు.

"ఆ జన్నారం జీపు వద్దంటున్న గద."

"ఎందుకొద్దో చెప్పవు. నేను వచ్చినప్పటిసంది గదే మాట."

"పాతది. పైన కప్పు లేదు."

"అడవి చూడనీకి కప్పెందుకే? ఇగో చూడు, పొద్దుగాల్నే ఎక్కించుకుంటరు. తారురోడ్డు దిగి వాగుల పొంటి, గుట్టల పొంటి తిప్పుతరు. జీపు తోలెటోడే గైడు, అన్నీ చెప్తడు. అన్నం గూడ వాళ్లదే. పట్నపోళ్ల జీపుకైతె దీనికి డబుల్ పైసలు, పైంగ వాళ్లు అడవి గేటు కాడికెళ్లే వాపసు మలిపి దించుతరు."

"డబుల్ అయితె కానియ్యి. పట్నపోళ్లదే మాట్లాడు."

"నిన్న అంగట్ల కొత్తిమీర కట్టకు కొట్లాడినవ్. ఇయ్యాల డబుల్ పెడ్తవా?"

"పెడ్త. నా ఇష్టం."

"పైసలు నావి."

"నీవా? మల్లొకపారి అను. నీవా?"

"అరె, జీపు ముచ్చట మాట్లాడుతుంటె గిదేంది?"

"నౌకరి ఎవలిది?"

"మల్ల షురూ చేసినవ్."

"ఎవలిది?"

"మీ నాయినది. కాదన్ననా? కండ్లు ఆనుతలేవని ఆయనను అన్‌ఫిట్ చేసిండ్రు. కంపెనీ ఇంట్ల ఒకలికి ఇచ్చింది. నాకు వచ్చింది."

"వచ్చిందా, రాపిచ్చుకున్నవా? గప్పుడు ఓదెలు పది సదువుతుండె. రెండేండ్లు ఆగితె మా తమ్మునికే వస్తుండె. అల్లుని పేరు పెట్టు మామా, పోరన్ని నేను చూసుకుంట అని మా నాయినకు నువ్వు చెప్పలె?"

"చెప్పిన."

"చూసుకున్నవా?"

"జర మెల్లగ. పక్కింటోళ్లు ఇంటరు."

"ఇననియ్యి. ఇల్లిడిసి పోయిండు వాడు. మా నాయిన సచ్చిపోతె మట్టికొచ్చి, నాతోని ఒక్క మాట మాట్లాడకుంట మర్లిపోయిండు. మల్ల వాని మొకం నేను చూడలె."

"అయితె జీపుకు దీనికి ఏం సంబంధం?"

"ఏం సంబంధమా? ఆ ఫోన్ల బొమ్మ చూడు. స్టీరింగు పట్టుకున్నోడు ఎవడు? టోపీ పెట్టుకుంటె నా తమ్మున్ని నేను గుర్తుపట్టననుకున్నవా?"

సంపత్ ఫోను బోర్లా పెట్టాడు. మమత ఆగలేదు.

"వాడు తోల్తుంటె మనం దొరల లెక్క కూసుండాలె. నువ్వు చెయ్యి కడుక్కుంటె వాడు నీళ్లు పొయ్యాలె. దిగేటప్పుడు నీకు సలాం కొట్టాలె. గది చూడనీకి నన్ను తోల్కపోతవా? సస్తగ దొరికిందని? సిగ్గుండాలె మనిషికి."

"సస్తగ దొరికిందని కాదు."

"మరెందుకు?"

"ఓదెలు జీపని ఎరుకుండే మాట్లాడుతున్న."

"ఎరుకుండే? నా తమ్ముడని ఎరుకుండి గూడ టికెట్లు కొంటవా? ఇంత గనం దిగజారినవా?"

"నిన్న డ్యూటీ దిగినంక ఫోన్ చేసిన."

"వానికా?"

"వానికే. చుట్టం లెక్కొస్తె గేటు కాడికి గూడ రాకు అన్నడు. గిరాకీ లెక్క టికెట్ కొనుక్కొని రా, ఎన్కసీట్ల కూసో, నాతోని మాట్లాడకు, అక్కను మాత్రం ముందట నా పక్కన కూసోబెట్టు అన్నడు."