ఖాళీ పెట్టెల వ్యాపారం

“పసిపిల్లల ప్రాణాలతో ఆటలాడావు మరిదీ! నీ మొహానికి మళ్లీ మెకానిక్ అని బోర్డొకటా?”

బడి వ్యాను నడిపే వదిన, విప్పి తెచ్చిన బ్రేక్ ప్యాడ్‌ను షెడ్డు బల్ల మీద విసిరికొట్టింది.

“అరవకు వదినా. మొన్న పేరున్న కంపెనీ సరుకే బిగించాను. ఇదిగో పెట్టె.”

“గోటితో గీకితే పెచ్చులూడుతోంది, ఇదా కంపెనీ సరుకు? పొద్దున వాలులో ఎంత తొక్కినా బండి ఆగలేదు. హ్యాండ్ బ్రేకు లాగితే గోడకు జానెడు దూరంలో ఆగింది. లోపల పద్దెనిమిది మంది పిల్లలు!”

“అయితే ఇవి అమ్మిన స్పేర్ పార్ట్స్ దుకాణంవాడు నన్నూ ముంచాడు.”

ఆమె పెట్టె తిప్పి చూసింది.

“మూత మీద ఈ రాత ఎవరిది? నా బండి నంబరు! పోయినేడు అసలు ప్యాడ్లు వేసినప్పుడు నువ్వు రాసిందే కదూ? ఖాళీ పెట్టె వాడికి అమ్ముకున్నావు. వాడు అందులోనే చెత్త కుక్కి నీకే అంటగట్టాడు. నీ రాత నువ్వే పోల్చుకోలేని గుడ్డివాడివి!”

“అందరూ అమ్ముతారు వదినా...”

“అందరూ గడ్డి తింటే నువ్వూ మేస్తావా? బడి వదలడానికి రెండు గంటలుంది. కంపెనీ డీలరు దగ్గరికి నడు, అసలువి తెచ్చి నా కళ్ల ముందు బిగించు. ఇంకా ఎవరెవరి బళ్లకు ఈ చెత్త వేశావో, అందరికీ ఇప్పుడే ఫోన్ చేసి బండి తియ్యొద్దని చెప్పు!”