పెళ్ళిలో నాన్న మాట్లాడాలి

చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా మైకుసెట్టు ఆయనదే. ఇప్పుడు పెళ్ళి సొంత కూతురిది. తండ్రీకూతుళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ ఆ ముచ్చటే చెప్పుకుంటున్నారు.

“పిలిచేది మనవాళ్ళనే నాన్నా. ఉపన్యాసాలేం వద్దు. నువ్వొక్కడివే లేచి రెండు మాటలు చెప్పాలి.”

“నేనా? మీ మామగారున్నారుగా. కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి.”

“ఆయన చేతికి మైకిస్తే మనం భోజనాలకి లేచేసరికి తెల్లారుతుంది. పిల్లలు ఆకలికి కుర్చీలు కొరుకుతారు.”

“పోనీ మీ అమ్మనడుగు.”

“అడిగాను. నిన్ను తిట్టమంటే ఎంతసేపైనా మాట్లాడతానంది.”

“నావల్ల కాదే తల్లీ. ఇన్నేళ్ళలో నేను మైకులో అన్నమాట ‘హలో, టెస్టింగ్’ ఒక్కటే.”

“ఓసారి తప్పిపోయిన పిల్లాడి గురించి చెప్పావుగా?”

“ఆ పేరూ తప్పే చెప్పాను. వేరే పిల్లాడొచ్చి నిలబడ్డాడు.”

“నవ్వించకు. నువ్వు మాట్లాడకపోతే నాకు పెళ్ళయినట్టే ఉండదు నాన్నా. ఇదిగో, ఈ గరిటే మైకనుకో. కానియ్.”

ఆయన గరిటెను వేలితో రెండుసార్లు తట్టి, నోటికి బెత్తెడు దూరంలో పట్టుకున్నాడు.

“హలో... వినబడుతోందా?”

“వీధి చివరిదాకా.”

“అందరికీ నమస్కారం. మా అమ్మాయి...”

“ఊఁ, మీ అమ్మాయి?”

“మా అమ్మాయి...”

“ఏమైంది నాన్నా?”

“ఏం లేదే. ఎక్కడో వైరు లూజయింది.”

“చాల్లే నాన్నా. ఆ రోజు కూడా ఇంతవరకే చెప్పు.”